ఎడారిలో క్వాడ్ బైక్ టూర్: గోదావరి జిల్లాల నుంచి వెళ్లేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

అమలాపురం, రాజోలు, నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి దుబాయ్, మస్కట్, దోహాల్లో ఉన్న మనవాళ్ల దగ్గరకు చుట్టపుచూపుగా వెళ్లేవాళ్లు చాలామందే. బయల్దేరే ముందు వాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకేలా ఉంటుంది: "ఎడారిలో క్వాడ్ బైక్ నడపాలనుందండి. నాకు బుల్లెట్ వచ్చు, సరిపోతుందా?"

సరిపోదు. క్వాడ్ బైక్ అంటే బైకులా హ్యాండిల్ ఉండే నాలుగు చక్రాల బండి. ఆ మాటకొస్తే బండి బాగా వచ్చినవాళ్లకే మొదటి పావుగంట కష్టం. రొయ్యల చెరువు గట్ల మీద, కాలవ గట్ల మీద బైకు నడిపి అలవాటైన కాళ్లూ చేతులూ క్వాడ్ మీద తప్పు పనే చేస్తాయి. ఏమీ రానివాళ్లు గైడు చెప్పింది చెప్పినట్టు చేసి క్షేమంగా తిరిగొస్తారు.

ఇది గైడుతో వెళ్లే టూర్ గురించి మాత్రమే. దిబ్బలు తెలియనివాళ్లు బండి అద్దెకు తీసుకుని ఒంటరిగా ఎడారిలోకి వెళ్లకూడదు.

1. ఏ నెలలో, ఏ వేళలో

గల్ఫ్‌లో నవంబరు నుంచి మార్చి వరకు అనువైన కాలం. వేసవిలో మధ్యాహ్నాలు 45 డిగ్రీలు దాటిపోతాయి. పిల్లల సెలవులని మే, జూన్ నెలల్లో వెళ్లేవాళ్లు తెల్లవారగానే మొదలయ్యే టూర్ తప్ప మరొకటి తీసుకోవద్దు.

దుబాయ్ నుంచి వెళ్లే టూర్లు ఎక్కువగా హత్తా రోడ్డు వైపున్న లహబాబ్ ఎర్ర దిబ్బలకు గానీ, షార్జా పరిధిలోని అల్ బదాయర్‌కు గానీ తీసుకెళతాయి. అంత దూరం ఎందుకనుకుంటే రాజస్థాన్‌లో జైసల్మేర్ నుంచి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో సామ్ దిబ్బలున్నాయి. అక్కడ నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు బాగుంటుంది. జనవరి తెల్లవారుజామున స్వెట్టర్ కావాలి, మన సంక్రాంతి చలితో దాన్ని అంచనా వెయ్యకండి. సామ్‌లో చాలాచోట్ల పది నిమిషాల చుట్టు తిప్పి దింపేస్తారు. గైడు ముందు నడిచే పూర్తి టూర్ కావాలని విడిగా అడగాలి.

వేళ విషయంలో తొందరపడకండి. చాలామంది ఫొటోల కోసం సాయంత్రం బుక్ చేస్తారు. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఉదయమే మేలు. రాత్రి చల్లదనానికి, మంచుకు పైపొర కాస్త గట్టిపడి ఉంటుంది. ఎండ వాలుగా పడి ప్రతి గుంటకూ నీడ కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం నీడలుండవు కాబట్టి ముందున్నది చదునో పల్లమో కంటికి తెలియదు. డెల్టాలో పుట్టి పెరిగినవాళ్లకు ఏటిగట్టు తప్ప వాలు అలవాటు లేదు, ఈ ఇబ్బంది మనకు ఇంకాస్త ఎక్కువ. సాయంత్రం సూర్యుడు ఎదురుగా ఉంటే కళ్లు చెదురుతాయి, బండ్ల రద్దీ కూడా అప్పుడే.

యూఏఈలో శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం సగం రోజే పని. సోమవారం నుంచి గురువారం లోపు చూసుకుంటే దిబ్బల మీద జనం తక్కువ.

2. బండి ఎలా ఉంటుంది

యాక్సిలరేటర్ కుడిచేతి బొటనవేలి దగ్గర ఉండే చిన్న మీట. దాన్ని బైకులా తిప్పరు, వేలితో నొక్కుతారు. గంట సేపు నొక్కేసరికి వేలు తిమ్మిరెక్కుతుంది, అందుకే మొదటిసారి రెండు గంటల టూర్ వద్దు. గంట చాలు.

బరువు గురించి కచ్చితంగా తెలిసి ఉండాలి. 686 సీసీ ఇంజనున్న యమహా రాప్టర్ 700 సుమారు 190 కిలోలు. వెడల్పుగా, క్యారియర్లతో కనిపించే యుటిలిటీ రకం పెద్ద బండ్లు 300 కిలోలు దాటుతాయి. ఇది మీద పడితే ఒక్కరు లేపలేరు.

రాప్టర్ లాంటి స్పోర్ట్ బండ్లకు క్లచ్, గేర్లు ఉంటాయి. ఇసుకలో వాలు ఎక్కుతూ గేరు మారిస్తే ఊపు పోయి అక్కడే దిగబడుతుంది. ఎంత అనుభవం ఉన్నా మొదటిసారి ఆటోమేటిక్ బండే అడగండి.

టైర్లు మెత్తగా ఉంటే గాలి తగ్గిందని కంగారుపడకండి. కారు టైరులో 30 పీఎస్‌ఐ పైన ఉంటే వీటిలో 4 నుంచి 7 వరకే ఉంటుంది. టైరు వెడల్పుగా పరుచుకుంటేనే ఇసుక మీద తేలుతుంది.

చాలా స్పోర్ట్ బండ్లకు వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి, రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ఒకటి నెమ్మదిగా, ఒకటి వేగంగా తిరగడం వీటికి కుదరదు. హ్యాండిల్ తిప్పినా బండి నేరుగా పోతున్నట్టు అనిపించడానికి కారణం అదే. మీ ఒళ్లు కదిలితేనే తిరుగుతుంది, దాని సంగతి 7వ భాగంలో ఉంది.

3. డబ్బు కట్టే ముందు అడగాల్సినవి

తక్కువ ధరకు ఆశపడి వీధిలో కాగితాలు పంచేవాళ్ల దగ్గర బుక్ చేస్తే ఎక్కువగా నష్టం సమయంలోనే జరుగుతుంది. గంట అంటారు, అందులో హెల్మెట్లు పంచడం, ఫొటోలు, ఆగడాలు అన్నీ కలిపేస్తారు.

- గంట ఎప్పటి నుంచి లెక్క: క్యాంపుకు చేరినప్పటి నుంచా, బండి కదిలినప్పటి నుంచా?
- ఒక గైడుకు ఎన్ని బండ్లు? నాలుగైదు దాటితే వెనకవాళ్లను ఎవరూ చూడరు.
- గైడు ముందు విడి బండి మీద వెళతాడా, ఒకచోట నిలబడి చూస్తాడా? రెండో రకమైతే అది టూర్ కాదు.
- కంచె వేసిన మైదానంలోనా, తెరిచిన దిబ్బల మీదా?
- బండి దెబ్బతింటే ఎంత కట్టాలి? డిపాజిట్ ఎంత? ఈ జవాబు రాతలో తీసుకోండి.
- ప్రమాద బీమా ఉందా? అది బండికా, మనిషికా?
- హెల్మెట్, కళ్లజోడు, చేతి తొడుగులు ధరలో కలిసే ఉన్నాయా?

మీ ప్రయాణ బీమా కాగితం కూడా తీసి చూడండి. చాలా పాలసీల్లో క్వాడ్ బైక్ సాహస క్రీడల కింద మినహాయింపులో ఉంటుంది. కొద్దిగా అదనం కడితే కలుపుతారు. బయల్దేరాక కలపడం కష్టం.

అక్కడ సంతకం పెట్టించుకునే పత్రం ఇంగ్లీషులోనో అరబిక్‌లోనో ఉంటుంది. అక్కడే ఉంటున్న బావగారో మేనల్లుడో చదివి చెప్పాకే సంతకం పెట్టండి. "అందరూ పెడుతున్నారు కదా" అనుకోవద్దు.

4. ఎవరు ఆగాలి

గర్భిణులు, నడుము లేదా మెడకు శస్త్రచికిత్స అయినవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, మూర్ఛ వచ్చేవాళ్లు వెళ్లకూడదు. బీపీకి నీరు పోయే మాత్రలు వాడేవాళ్లకు ఎండలో నీరసం త్వరగా వస్తుంది, డాక్టరును అడిగి వెళ్లాలి.

90 సీసీ దాటిన బండ్లు 16 ఏళ్లు నిండినవాళ్లకే అని తయారీదారులు చెబుతారు. పిల్లాడు మారాం చేస్తున్నాడని ఒంటరి సీటు బండి మీద ముందు కూర్చోబెట్టుకోవడం మన స్కూటీ అలవాటు. ఇక్కడ అది ప్రాణం మీదకు తెస్తుంది. నడిపేవాడు ముందుకూ వెనక్కూ పక్కలకూ కదలాలి, పిల్లాడుంటే కదల్లేడు. భార్యాభర్తలు కలిసి వెళ్లాలంటే ఇద్దరి కోసం తయారైన పొడుగు సీటు బండో, సీటు బెల్టులతో కారులా పక్కపక్కనే కూర్చునే బగ్గీయో తీసుకోవాలి.

5. ఒంటి మీద ఏముండాలి

- చీలమండ కప్పే బూట్లు. చెప్పులు, శాండిల్స్ కుదరవు.
- నిండు చేతుల చొక్కా, జీన్స్ లేదా మందమైన ప్యాంటు.
- సరైన కొలత హెల్మెట్. గడ్డం పట్టీ బిగించాక రెండు వేళ్లు మాత్రమే దూరాలి.
- ముఖానికి చుట్టుకున్న నూలు గుడ్డ, రెండు కొసలూ చొక్కా లోపలికి దోపి.
- హెల్మెట్ కింద పట్టే గాలిచొరబడని కళ్లజోడు.

చీర, వేలాడే చున్నీ, లుంగీ వద్దు. బైకు చక్రంలో చున్నీ చిక్కుకుంటే ఏమవుతుందో మనకు తెలుసు, క్వాడ్‌కు వెనక ఇరుసు బయటికే తిరుగుతూ ఉంటుంది. ఆడవాళ్లు చుడీదార్ మీద వెళ్లాలనుకుంటే చున్నీ ఇంట్లోనో కారులోనో వదిలి రావాలి.

కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోకండి, రేణువు దూరితే కన్ను తెరవలేరు. చూపు అద్దాలున్నవాళ్లు వాటి మీద పట్టే వెడల్పు కళ్లజోడు ముందే అడగాలి. మెళ్లో గొలుసు, వేళ్ల ఉంగరాలు తీసి దాచుకోండి. ఇసుకలో పడిన ఉంగరం దొరకదు.

ఫోను జిప్ కవరులో పెట్టి జిప్ ఉన్న జేబులో వేసుకోండి. ఛార్జింగ్ రంధ్రంలో ఇసుక చేరితే ఊదకండి, ఇంకా లోపలికి పోతుంది.

6. నీళ్లు, తిండి

మన దగ్గర ఏప్రిల్ ఎండలో చొక్కా తడిసి ముద్దవుతుంది, చెమట పోతోందని కంటికి కనిపిస్తుంది కాబట్టి నీళ్లు తాగుతాం. ఎడారి లోపలి గాలి పొడి. చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. ఒళ్లు పొడిగా ఉంది, దాహం లేదు అనుకుంటూనే నీరు కోల్పోతారు. తలనొప్పి మొదలయ్యేసరికి ఆలస్యమైపోతుంది.

బయల్దేరడానికి రెండు గంటల ముందు అర లీటరు, బండెక్కే ముందు ఒక గ్లాసు తాగండి. గంట టూర్‌కు మనిషికి లీటరు దగ్గరుంచుకోండి. ఓఆర్‌ఎస్ పొట్లం లేకపోతే లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలుపుకోవచ్చు.

టిఫిను రెండు గంటల ముందే అయిపోవాలి. ఇడ్లీ మంచిది. చుట్టాలింట్లో మర్యాదకు పెట్టిన బిర్యానీ తిని వెంటనే వెళితే దిబ్బల మీద అది పైకి వస్తుంది. పికప్ కారులోనే దిబ్బల మీద ఎగిరించి తిప్పే కార్యక్రమం కూడా ఉంటే దాన్ని క్వాడ్ తర్వాతకు మార్చమనండి. కడుపు తిప్పకుండా వేసుకునే మాత్రలతో మగత వస్తుంది, అవి వేసుకుని బండి నడపకూడదు. మద్యం సంగతి చెప్పనక్కర్లేదు.

7. బండి కదిలే ముందు పదిహేను నిమిషాలు

ఇక్కడ తొందరపెట్టే గైడును ఆపి మరీ ఈ వరసలో చూసుకోండి.

1. బండి చుట్టూ తిరుగుతూ ఫోనులో వీడియో తియ్యండి. గీతలు, పగిలిన ప్లాస్టిక్, వంగిన మీటలు కనిపించాలి. డిపాజిట్ గొడవ వస్తే ఇదే సాక్ష్యం.
2. యాక్సిలరేటర్ నొక్కి వదలండి. టక్కున వెనక్కి రావాలి. నెమ్మదిగా వస్తే ఇసుక చేరినట్టు, బండి మార్చమనండి.
3. రెండు బ్రేకులూ నొక్కి బండిని ముందుకు తోసి చూడండి.
4. ఇంజను ఆపే తాడు మణికట్టుకు కట్టుకుని ఒకసారి లాగి చూడండి. ఇంజను ఆగిపోవాలి. ఇది పనిచెయ్యని బండి ఎక్కవద్దు.
5. వెనక పొడుగాటి కర్రకు జెండా ఉందో లేదో చూడండి. దిబ్బ అవతలివాళ్లకు మీరు కనిపించే ముందు ఆ జెండాయే కనిపిస్తుంది.
6. ఆగు, నెమ్మది, సరే, సాయం కావాలి: ఈ నాలుగు చేతి సైగలు గైడుతో చేయించుకుని మీరూ చేసి చూపండి. కంపెనీని బట్టి సైగలు మారతాయి.

తర్వాత చదును నేల మీద ఎనిమిది అంకె ఆకారంలో నాలుగైదు సార్లు తిప్పండి. పాత అలవాట్లు ఇక్కడే వదిలించుకోవాలి.

మొదటిది కాలు. బైకు జారితే కాలు కింద పెడతాం, అది పరీక్ష లేకుండా ఒంటికి వచ్చేసిన అలవాటు. క్వాడ్ మీద కాలు కిందపెడితే వెనక చక్రం ఆ కాలును లాక్కుని మీద ఎక్కేస్తుంది. బండి ఎంత ఊగినా రెండు పాదాలూ ఫుట్‌రెస్టుల మీదే ఉండాలి. ఊగుతున్నంతసేపూ మోకాళ్లతో ట్యాంకును నొక్కి పట్టండి.

రెండోది వాలడం. బైకు మలుపులో వాలుతుంది, దానితో మనం వాలుతాం. క్వాడ్ వాలదు, మలుపుకు బయటి వైపుకు తోస్తుంది. ఎడమకు తిరగాలంటే సీటు మీద ఎడమకు జరిగి, కుడి ఫుట్‌రెస్టును గట్టిగా తొక్కాలి. బయటి కాలు తొక్కడం, లోపలికి జరగడం: ఈ రెండూ కలిసి వచ్చేదాకా దిబ్బల వైపు కదలకండి.

8. ఇసుక మీద నడపడం

ఇసుక ర్యాంపుల్లో ట్రాక్టరు నడిపినవాళ్లకు సగం పాఠం వచ్చేసినట్టే. ఆగితే దిగబడుతుంది, ఎగదోస్తే తవ్వుకుంటుంది, ఒకే ఊపులో పోతేనే పోతుంది.

చదునులో: సీటు మీద పూర్తిగా కూర్చోకుండా మోకాళ్లు, మోచేతులు కొద్దిగా వంచి తేలికగా ఉండండి. హ్యాండిల్ బిగించి పట్టుకుంటే ముందు చక్రాల కుదుపంతా భుజాలకెక్కుతుంది. ముందు బండికి 20 నుంచి 30 మీటర్ల దూరం, గైడు చక్రాల జాడలోనే నడక. తెల్లటి ఉప్పు పొర కనిపిస్తే గైడు వెళ్లని చోటుకు వెళ్లకండి. పైన గట్టిగా, లోపల మెత్తగా ఉంటుంది. సముద్రం ఒడ్డు పర్ర తెలిసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు.

ఎక్కడం: గాలి కొట్టే వైపు దిబ్బ వాలు తక్కువ, ఇసుక గట్టి. గైడు ఎక్కించేది ఆ వైపు నుంచే. ఊపు వాలు మొదలయ్యే ముందే తెచ్చుకోవాలి, వాలు మధ్యలో కాదు. ఒళ్లు ముందుకు వంచి, యాక్సిలరేటర్ ఒకే స్థాయిలో ఉంచి, నేరుగా ఎక్కాలి. ఏటవాలుగా అడ్డంగా ఎక్కితే బండి దొర్లుతుంది.

దిబ్బ నెత్తి మీద: ఎక్కువ ప్రమాదాలు ఇక్కడే. గాలికి అవతలి వైపు, అంటే జారుడు వైపు, ఇసుక 32 నుంచి 34 డిగ్రీల వాలులో వదులుగా నిలిచి ఉంటుంది. కింద నుంచి అది కనపడదు. నెత్తి చేరే కొద్దిముందే యాక్సిలరేటర్ తగ్గించి, అవతల ఏముందో చూశాకే దాటాలి. ఎగరడానికి ప్రయత్నించకండి, అవతల మరొకరి బండి దిగబడి ఉండొచ్చు. ఒకరు దాటి, గైడు సైగ చేశాకే రెండోవారు. మరీ నెత్తి మీదే ఆగిపోతే బండి పొట్ట ఇసుకకు ఆని నాలుగు చక్రాలూ తేలిపోతాయి.

దిగడం: ముక్కు నేరుగా కిందకు. ఒళ్లు వెనక్కి. యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనే పట్టి దించుతుంది, వెనక బ్రేకు కొంచెం కొంచెంగా. ముందు బ్రేకు గట్టిగా పట్టారో బండి తలకిందులవుతుంది. వెనక భాగం పక్కకు జారడం మొదలైతే భయపడి బ్రేకు పట్టడం సహజం, చెయ్యాల్సింది దానికి తిరుగు: ముక్కును వాలు వైపుకు తిప్పి రవ్వంత యాక్సిలరేటర్ ఇవ్వండి, బండి తిన్నగా అవుతుంది.

ఒంటెలు ఎదురైతే హారన్ కొట్టకుండా, దూరంగా, నెమ్మదిగా పోవాలి. గడ్డి దుబ్బుల మీద ఎక్కించకండి. వాటి కింద ఇసుక గట్టి దిమ్మలా ఉండి చక్రం ఎగిరిపడుతుంది.

9. దిగబడితే

మొదటి తప్పు రేజు ఇవ్వడం. రెండు సెకన్లలో ఇరుసు దాకా తవ్వుకుపోతుంది. చక్రం తిరుగుతూ బండి కదలడం లేదంటే వెంటనే బొటనవేలు తియ్యండి.

చదునులో అయితే దిగి, నాలుగు చక్రాల వెనకా ఇసుక చేత్తో తీసేసి, వచ్చిన జాడలోనే వెనక్కి రివర్స్ తీయాలి. ఆ జాడ అప్పటికే అణిగి గట్టిపడి ఉంటుంది. కదలకపోతే గైడు, మీరు కలిసి వెనక భాగాన్ని ఎత్తి పక్కకు జరపాలి. ఎత్తేటప్పుడు ఇంజను ఆపి ఉండాలి.

వాలు మధ్యలో ఆగిపోతే కథ వేరు. రెండు బ్రేకులూ పట్టి, ఒళ్లు పైవైపుకు వంచి, పార్కింగ్ బ్రేకు వేసి, పైవైపు నుంచే దిగి పక్కకు జరిగి గైడు కోసం ఆగండి. అక్కడే బండి తిప్పేద్దామని చూడకండి. వెనక్కి దొర్లడం మొదలైతే ముందు బ్రేకు మెల్లగా పట్టాలి, వెనక బ్రేకు ఒక్కసారిగా పడితే ముందు చక్రాలు లేచి బండి మీదకొస్తుంది. ఇంకా ఆగకపోతే బండిని వదిలేసి పైవైపుకు దూకండి. డిపాజిట్ గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.

10. పడితే, సొమ్మసిల్లితే

బండి ఒరిగిపోతున్నప్పుడు చెయ్యో కాలో అడ్డుపెట్టి ఆపాలని చూస్తే మణికట్టు, జబ్బ ఎముక విరుగుతాయి. తోసుకుని దూరంగా పోవడమే సరి. ఎవరైనా పడితే వెనకవాళ్లు దిబ్బ నెత్తి మీదకు వెళ్లి మిగతా బండ్లను ఆపాలి, తర్వాతే సాయం. మెడ నొప్పి అంటే హెల్మెట్ లాగకండి, కూర్చోబెట్టకండి.

మాట తడబడడం, అయోమయం, ఒళ్లు కాలిపోవడం వడదెబ్బ గుర్తులు. నీడలోకి చేర్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో తుడుస్తూ విసరాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పొయ్యకూడదు. యూఏఈలో అంబులెన్స్ 998, పోలీసులు 999. మన దేశంలో 112. దిబ్బల్లో సిగ్నల్ తప్పిపోతుంది కాబట్టి క్యాంపు దగ్గరే మీ లొకేషన్ ఇంట్లోవాళ్లకు పంపి ఉంచండి.

11. తిరిగొచ్చాక

బండి అప్పగించేటప్పుడు మళ్లీ వీడియో తీసి, డిపాజిట్ చేతికొచ్చాకే కదలండి. కళ్లు నలపకుండా శుభ్రమైన నీళ్లతో కడగండి. కెమెరా లెన్సును గుడ్డతో తుడవకండి, ముందు బ్రష్‌తో రేణువులు దులపండి.

ఫొటోలు పెట్టేముందు వెనక ఎవరున్నారో చూసుకోండి. యూఏఈలో అనుమతి లేకుండా ఇతరుల ఫొటోలు తీయడం నేరం, డ్రోన్‌కు విడిగా అనుమతి కావాలి.

మర్నాడు భుజాలు, తొడలు, బొటనవేలు నొప్పులు మామూలే, రెండు రోజుల్లో తగ్గుతాయి. మణికట్టు వాచినా, బొటనవేలి మొదట్లో నొక్కితే పదునుగా నొప్పి వచ్చినా ఎక్స్‌రే తీయించండి. బీమా క్లెయిముకు అక్కడి ఆస్పత్రి కాగితాలే పనికొస్తాయి కాబట్టి ఊరొచ్చాక చూపించుకుందామని వాయిదా వెయ్యకండి.